పీరియడుకు ఐదు మెచ్చుకోళ్లు

ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాక, పిల్లల్ని ఉత్సాహపరచడం నాకు చేతకాదన్న సంగతి ఒక శనివారం ఉదయం బయటపడింది. బయటపెట్టిన మనిషి నాకంటే పదిహేనేళ్లు చిన్న. నలభై మంది పిల్లల ముందు ఒక్క పూట నిలబడి ఎరగడు. అయినా ఆయన చేతిలో మైకుంది, వెనక తెర మీద పైకి ఎగబాకే బాణాలున్నాయి, మొదటి వరుసలో మా యాజమాన్యం తలలు ఆడిస్తూ కూర్చుంది. ఇంకేం కావాలి, గురువైపోయాడు.

మా బడి నార్సింగిలో. బయటి నుంచి చూసినవాళ్లు అద్దాల గోడలు చూసి సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకుంటారు. లోపలున్న వాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. పిల్లల తల్లిదండ్రుల్లో ముప్పాతిక మంది హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో కొలువు చేసేవాళ్లే. అందుకని ఆఫీసుల్లో ఏ ముచ్చట మొదలైనా ఆరు నెలల్లో మా బడికి వచ్చి చేరుతుంది. మాకు గంట కొట్టే మనిషి లేడు కానీ ఉత్సాహపరిచే మనిషి కావలసి వచ్చాడు. ఆయన అంతకు ముందు ఏదో కంపెనీలో ఉద్యోగులకు హుషారు ఎక్కించే పని చేసేవాడట. మేమంతా ఆయన్ని కోచ్ సార్ అనేవాళ్లం.

కోచ్ సార్ ముందుగా మమ్మల్ని లేపి నిలబెట్టాడు. చప్పట్లు కొట్టించాడు. పక్కవాళ్ల వైపు తిరిగి 'నువ్వు చాంపియన్‌వి' అని చెప్పమన్నాడు. నా పక్కనున్న హిందీ మేడంకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కూర్చునే నన్ను చాంపియన్‌ని చేసింది. 'ఎనర్జీ తగ్గింది మేడం' అని మైకులో అన్నాడు. పాపం ఆవిడ ముఖం చూడాల్సింది.

తర్వాత అసలు విషయంలోకి దిగాడు. "మా టీంలో మనిషికి వారానికి ఐదు అప్రీసియేషన్లు ఇచ్చేవాళ్లం మేడం. అవుట్‌పుట్ ఎక్కడికో వెళ్లిపోయింది. పిల్లలు కూడా అంతే. వాళ్లూ రిసోర్సులే."

నేను ఊరుకోలేదు. మాది కడప వైపు, ఊరుకోవడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. "సార్, పిల్లోడికి లెక్క రాకపోతే ఏం చేయాల?" అని అడిగాను.

"మెచ్చుకోండి మేడం. వస్తుంది."

"ఎట్లా వస్తుంది?"

"కాన్ఫిడెన్స్‌తో."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మధ్యాహ్నం బిర్యానీ ఉందని అప్పటికే చెప్పారు.

సోమవారం నుంచి పద్ధతి అమల్లోకి వచ్చింది. ప్రతి టీచరూ ప్రతి పీరియడులో ఐదుగురు పిల్లల్ని మెచ్చుకోవాలి. మెచ్చుకున్నట్టు ఫోన్లో ఒక యాప్‌లో పేరు ఎక్కించాలి, కారణం ఎంచుకోవాలి. కారణాలు కూడా మనం ఆలోచించే బాధ లేకుండా వాళ్లే ఇచ్చారు: చొరవ, పట్టుదల, చురుకుదనం, జట్టు స్ఫూర్తి, కొత్త ఆలోచన. సాయంత్రం ఆరు దాటితే ఎక్కించని టీచర్ పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రుల ఫోన్లకు దానంతటదే మెసేజ్ పోతుంది, ఈ వారం మీ పిల్లవాడికి ఇన్ని ప్రశంసలు వచ్చాయని.

మొదటి రెండు వారాలు నిజాయితీగానే చేశాను, కాదనను. పుస్తకం తెరిచినందుకు సూపర్ అన్నాను. తలుపు వేసినందుకు ఎక్సలెంట్ అన్నాను. ఒకడు జవాబు తప్పు చెబితే 'ఎంత ధైర్యంగా చెప్పావో' అన్నాను. మూడో వారానికి నా నోరు నాకే రోత పుట్టింది.

పిల్లలు నాకంటే ముందే విషయం కనిపెట్టారు. రోజూ ఇంట్లో జీతాల పెంపు, అప్రైజల్ మాటలు వింటూ పెరిగినవాళ్లు, వాళ్లకు మనం నేర్పేదేముంది. తొమ్మిదో తరగతి వెనక బెంచీ వాడొకడు పీరియడయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, గీ వారం నాకు రెండే వచ్చినయ్. పక్కోనికి నాలుగు ఇచ్చిన్రు."

"వాడు హోంవర్కు చేశాడు కదరా."

"నేను చేస్త మేడం. ముందు మీరు ఇయ్యుండ్రి."

వాడి మీద నాకు కోపం రాలేదు. కోచ్ సార్ చెప్పింది మొత్తం బడిలో సరిగ్గా అర్థం చేసుకున్నది వాడొక్కడే.

ఇక నా సంగతి. రోజుకు ఆరు పీరియడ్లు, ముప్పై పేర్లు. క్లాసులో లెక్క చెబుతూ ఫోన్ పట్టుకోవడం కుదరదు. నాలుగుంపావుకి స్టాఫ్ బస్సు. నేనుండేది మియాపూర్‌లో. గచ్చిబౌలి దగ్గర ఒకసారి, కొండాపూర్ దగ్గర మరోసారి బస్సు కదలకుండా నిలబడిపోతుంది కదా, ఆ టైములో ముప్పై పేర్లు ఎక్కించేదాన్ని. ఎవర్ని మెచ్చుకున్నానో గుర్తుంటే కదా, అసలు మెచ్చుకుంటే కదా. జాబితాలో వేలికి తగిలిన పేరు నొక్కడం, కారణం నొక్కడం. పప్పులో రాళ్లు ఏరడం కూడా అంతకంటే శ్రద్ధగా చేస్తాను. బస్సులో అందరం అదే పని. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఒక శుక్రవారం దొరికిపోయాను. తల్లిదండ్రుల గ్రూపులో ఒక తండ్రి చాలా మర్యాదగా రాశాడు: "మా వాడు జ్వరంతో మూడు రోజులుగా మంచం మీద ఉన్నాడు. అయినా లెక్కల క్లాసులో చురుకుదనం చూపించినందుకు మెచ్చుకున్నారు. చాలా థ్యాంక్స్ మేడం." కింద నవ్వే బొమ్మలు డజన్ల కొద్దీ.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆయనది కోస్తా వైపు, తిట్టినా మర్యాదగా తిడతారు. "కాస్త చూసుకోవాలి కదండీ మేడం. ఎక్కించే ముందు హాజరు పట్టిక ఒకసారి చూడండి." అంతే అన్నారు. అబద్ధం రాయకండి అనలేదు. అన్నట్టయితే ఆ రోజే అందరం ఒడ్డున పడేవాళ్లం.

ఆయన మాట బుద్ధిగా పాటించాను. ఎప్పుడూ బడి మానని పిల్ల ఎవరా అని చూశాను. దాంతోపాటు, మెసేజ్ చూసి మర్నాడు వచ్చి నిలదీయని పిల్ల కూడా అయ్యుండాలి. తొమ్మిదో తరగతిలో అలాంటిది ఒక్కతే కనిపించింది.

కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చునేది. నోట్‌బుక్ తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేది. టెస్టు పేపరు తెరిస్తే నలభైకి ఆరు, నలభైకి ఎనిమిది. ప్రశ్న అడిగితే లేచి నిలబడి, నేల చూసి, 'సారీ మేడం' అని కూర్చునేది. కొన్నాళ్లకు నేను అడగడమే మానేశాను. ఎందుకు ఆ పిల్లను ఇబ్బంది పెట్టడం అని నాకు నేను చెప్పుకున్నాను. అది దయ అనుకున్నాను కూడా. నోరులేని పిల్ల, ఏం రాసినా చెల్లిపోతుంది. కారణం దగ్గర 'పట్టుదల' నొక్కేదాన్ని. చొరవ అంటే ఎవరైనా చూసి ఉండాలి, పట్టుదలకు సాక్షులు అక్కర్లేదు.

అలా జనవరి వచ్చింది. జనవరిలో మా బడిలో ఇంకో తంతు ఉంటుంది. గేటు మీద వేలాడే ఫ్లెక్సీలో పదో తరగతి ఫలితాలు నూటికి నూరు అని ఉంటుంది. అది ఏటా అలాగే ఉండాలంటే తప్పేవాళ్లు పదో తరగతి దాకా రాకూడదు. అందుకని తొమ్మిదిలోనే ఏరేస్తారు. తల్లిదండ్రుల్ని పిలిచి, మీ పిల్లకు ఈ వాతావరణం ఒత్తిడిగా ఉంది, పరీక్షలయ్యాక టీసీ తీసుకోండి అని నచ్చజెబుతారు. పదో తరగతి ముందు టీసీ పట్టుకుని తిరిగే పిల్లను ఇంకో మంచి బడి గడప తొక్కనివ్వదు. వాళ్ల గేటు మీదా ఫ్లెక్సీ ఉంటుంది మరి.

ఆ ఏడు మా సెక్షన్ నుంచి జాబితాలో ఒకటే పేరు. నా మూడో బెంచీ పిల్లది.

మీటింగుకు నన్నూ రమ్మన్నారు. ఆ పిల్ల తల్లి గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, తెల్ల యూనిఫాం మీదే స్వెటర్ వేసుకుంది. నార్సింగి పాత ఊరి వైపు కిరాయికి ఉంటారట, తల్లీ కూతురూ ఇద్దరే. పిల్ల తల్లి కుర్చీ వెనక నిలబడింది. కోచ్ సార్ లాప్‌టాప్ పట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. ఆయనెందుకు వచ్చాడో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్ గారు మార్కులు చదివారు. తర్వాత ఒక కాగితం ముందుకు తోశారు. "మేం పాపను పట్టించుకోలేదని మీరు అనుకోకూడదండి. ఇదిగో రికార్డు. లెక్కల మేడం ఒక్కరే మీ పాపను యాభై మూడుసార్లు ప్రోత్సహించారు. సెక్షన్ మొత్తంలో ఇన్నిసార్లు ఎవరికీ లేవు. ఇంత చేసినా మార్కులు కదల్లేదంటే, ఇక పాప శక్తి అంతేననుకోవాలండి."

"డేటా క్లియర్‌గా ఉంది," అన్నాడు కోచ్ సార్.

వేళ్లతో ఊరికే నొక్కుకుంటూ పోయిన పేరు అది. కూడితే యాభై మూడు అయింది, ఆ యాభై మూడూ ఇప్పుడు ఆ పిల్లను గేటు బయటికి నెడుతున్నాయి. బడి చేయాల్సిందంతా చేసింది, లోపం పిల్లలోనే ఉందని నా సంతకంతో రుజువైపోయింది.

తల్లి ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుంది. ఆమెకు కోపం రాలేదు. అదే నాకు భరించరానిదయింది. నా వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"మీరు మస్తు కష్టపడ్డరు మేడం. శుక్రవారం నేను డ్యూటీల ఉండంగనే మెసేజ్ వస్తుండె. ఇంటికి పోంగనే అడుగుతుంటి, మేడం ఎందుకు మెచ్చుకున్నరు బిడ్డా అని. గీ లెక్క చేసిన, గా లెక్క చేసిన అని చెప్తుండె. చర్చిల సంఘం ముందర రెండుసార్లు లేచి సాక్ష్యం చెప్పిన మేడం, నా బిడ్డకు లెక్కలు వస్తున్నయని."

ప్రతి శుక్రవారం నేను పంపిన అబద్ధానికి ఆ పిల్ల ఇంట్లో కూర్చుని కథ అల్లుకునేది. నాది ఒక్క నొక్కుడుతో అయిపోయేది. ఆ పిల్ల మాత్రం రాని లెక్కలు చేసినట్టు చెప్పాల్సి వచ్చేది.

తల్లి కూతురి వైపు తిరిగింది. "నిజమేనా బిడ్డా? మేడం నిన్ను గిన్నిసార్లు మెచ్చుకున్నరా?"

పిల్ల నా వైపు చూసింది. ఆ ఏడాదంతా నా ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి. "అవును మమ్మీ. మెచ్చుకున్నరు," అంది.

ఇక్కడ నేను వెంటనే లేచి నిజం చెప్పానని రాసుకుంటే బాగుండేది. చెప్పలేదు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గుచేటైన మాటే, కానీ అదే ముందొచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఇంటి అప్పు, వయసు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ప్రిన్సిపాల్ గారు టీసీ దరఖాస్తు తీసి, పెన్ను మూత తీసి, తల్లి ముందు పెట్టారు. ఆమె పెన్ను అందుకుంది. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో వెతుక్కుంటోంది.

"అమ్మా, ఆగండి," అన్నాను. "ఆ కాగితంలో ఉన్నదంతా అబద్ధం. నేను మీ పాపను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఇంటికి పోతా బస్సులో కూర్చుని పేరు నొక్కినాను. ఎవరూ అడగరని మీ పాప పేరు నొక్కినాను."

ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత పట్టుకుని అలాగే ఉండిపోయారు. కోచ్ సార్ లాప్‌టాప్ మూసి, "ఇది డేటా ఇంటిగ్రిటీ ఇష్యూ మేడం, ఇక రికార్డునే నమ్మలేం," అన్నాడు. ఆయన పద్ధతి వచ్చాక ఆయన నోట వచ్చిన ఒక్క నిజం అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

తల్లి పెన్ను కింద పెట్టి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడింది. "సార్, బడి అంతా చేసిందని మీరు ఈ కాగితం చూపించి టీసీ ఇస్తమన్నరు. కాగితమే అబద్ధమైతే టీసీ ఎట్ల ఇస్తరు? మేడం చెప్తున్నరు కద, నా బిడ్డకు ఏం చెయ్యలేదని. ముందు చెయ్యుండ్రి. అప్పుడు మాట్లాడుదాం."

అరగంట అటూ ఇటూ అయ్యాక తేలింది ఏమిటంటే, వార్షిక పరీక్ష వరకూ గడువు. లెక్కల్లో ఎనభైకి ఇరవై ఎనిమిది వస్తే పిల్ల ఉంటుంది, రాకపోతే ఇద్దరం పోతాం. నా సంగతి మెమోలో రాసి ఇచ్చారు. భాష మాత్రం మర్యాదగానే ఉంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల టైములో ఆ పిల్లను లెక్కల లాబ్‌లో కూర్చోబెట్టుకున్నాను. మొదటి రోజు ఇద్దరం టిఫిన్ డబ్బాలు తెరిచి నేల చూపులు చూస్తూ తిన్నాం. తర్వాత, ఇరవై రెండేళ్ల అనుభవంతో ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఎక్కడి నుంచి అర్థం కావడం లేదు?"

ఆలోచించలేదు. జవాబు సిద్ధంగా ఉన్నట్టే ఉంది. "ఆరో తరగతిల భిన్నాల కాడి నుంచి మేడం. అప్పుడు డెంగ్యూ వచ్చి నెల రోజులు రాలే. వచ్చేసరికి అయిపోయింది."

మూడేళ్లు. ఆరు, ఏడు, ఎనిమిది దాటి తొమ్మిదికి వచ్చింది, మధ్యలో ఒక్క నెల చిల్లుతో. బీజగణితం అంటే ఏమిటో తెలియక కాదు, హారం కింద ఎందుకుందో తెలియక. ఎంతమంది టీచర్లం, ఎన్ని ట్రైనింగులు, ఎన్ని చప్పట్లు. ఒక్కరం అడగలేదు.

"ఆ రోజు అవునని ఎందుకన్నావు? నీకు తెలుసు కదా," అన్నాను.

చపాతీ ముక్క డబ్బాలోనే అటూ ఇటూ జరిపింది. "మమ్మీ ముందర మీ ఇజ్జత్ పోతదని మేడం. ఇంక నేను గూడ అబద్ధాలే చెప్పిన కద, అన్ని శుక్రవారాలు."

నాకు ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడిస్తే అదొక తమాషా అవుతుందని నీళ్ల బాటిల్ ఎత్తి గడగడా తాగాను. తర్వాత చపాతీని నాలుగు ముక్కలు చేసి, అందులో మూడు నీవి, ఒకటి నాది అని మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి పిల్లకు మూడో తరగతి పాఠం. సిగ్గుపడకుండా నేర్చుకుంది. నేనే సిగ్గుపడ్డాను.

రెండు నెలలు రోజూ అదే పని. కొన్ని రోజులు విసుక్కున్నాను, ఒకటి రెండుసార్లు గట్టిగా కసిరాను కూడా. అదీ బదులు చెప్పడం నేర్చుకుంది. "మేడం, మీరు బోర్డు మీద ఒక మెట్టు ఎగ్గొట్టి రాస్తరు, గందుకే పరేషాన్ అయితది," అని ఒకరోజు నాకే పాఠం చెప్పింది. చూసుకుంటే నిజమే. ఇన్నేళ్లూ అందరికీ వచ్చేసిందనుకుని ఆ మెట్టు ఎగ్గొడుతూనే ఉన్నాను.

ఈలోగా కోచ్ సార్ తల్లిదండ్రుల్ని ఉత్సాహపరిచే కొత్త పనిలోకి మారాడు. యాప్ మాత్రం నడుస్తూనే ఉంది. ఒక మార్పు చేశారు, హాజరు లేని పిల్లల పేర్లు ఇప్పుడు జాబితాలో కనిపించవు. సాంకేతిక లోపం సరిచేశామని సర్క్యులర్ వచ్చింది.

వార్షిక పరీక్ష పేపర్లు వేరే సెక్షన్ సార్‌తో దిద్దించారు, నా మీద ఆపాటి నమ్మకం ఉంది మరి. ఎనభైకి ముప్పై ఒకటి. భిన్నాలున్న లెక్కలు మూడూ రైటు. ఆ పేపరు పట్టుకుని వరండాలో ఆ పిల్లను ఆపాను. పేపరు చేతిలో పెట్టి, "బాగా చేశావు," అన్నాను. ఆ ఏడాదిలో దానితో నేరుగా నేనన్న మొదటి మంచి మాట అది.

సంతోషపడుతుందనుకున్నాను. కంగారుపడింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఇది మమ్మీకి మెసేజ్ పోతదా మేడం?"

"పోదు. నేను ఎక్కించలేదు."

పేపరును రెండు మడతలు పెట్టి, పైజేబులో దోపుకుని, పైన చెయ్యి అదిమి పెట్టుకుంది.

"మంచిది మేడం. నేనే పోయి చెప్త," అంది.